మన చుట్టుపక్కల: పచ్చి ఆకుల మడులలో రెండు ఉదయాలు

గత కార్తీక మాసంలో మన కాలనీవాసులు జరుపుకున్న వనభోజనాలు పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఉసిరిచెట్టు నీడ, పులిహోర, పిల్లల పరుగుపందాలు, మహిళామండలి వారి పాటల పోటీ, అన్నీ చక్కగా సాగాయి. ఆనాటి విందులో వడ్డించిన పచ్చి ఆకుల సలాడ్ ఏర్పాటు మాత్రం మాది. పులిహోర, బొబ్బట్లు ఏటా ఉండేవే గదా, ఈసారి ఆరోగ్యకరమైన పదార్థం ఒకటి ఉండితీరాలని పట్టుబట్టినవారమూ మేమే. లెట్యూస్, కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడలు ముందురోజు సాయంత్రమే తెప్పించి, తరిగి, తడిబట్ట కప్పి, రాత్రంతా బకెట్లలో ఉంచి తీసుకువెళ్ళాము. మరునాడు తెల్లవారేసరికి పదకొండు ఇళ్ళలో వాంతులు, విరేచనాలు. ఇద్దరు పిల్లలకు సెలైను పెట్టవలసి వచ్చింది. దైవానుగ్రహం వల్ల మూడు రోజులలో అందరూ కోలుకున్నారు. సలాడ్ ముట్టని ఇళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు గనుక నేరం ఎవరిదో విచారించవలసిన అవసరం కలగలేదు.

డిస్పెన్సరీలో డాక్టరుగారు మమ్ములను మందలించలేదు. "ఈ ఆకులు ఏ నీటిలో పెరిగాయి?" అని మాత్రం అడిగారు. బజారులో కొన్నామని చెప్పాము. "అది కొన్నచోటు. నేనడిగింది పెరిగిన చోటు" అన్నారామె. మాలో ఒక్కరికీ సమాధానం తెలియదు. బియ్యం ఏ జిల్లావో, మామిడిపండు ఏ తోటదో ఆరా తీసి కొనే మేము, వండకుండా నోట పెట్టుకునే ఆకు విషయంలో ఏనాడూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆ ప్రశ్న వెంటబడి ప్రయాణమైనదే ఈ నెల శీర్షిక.

సంక్రాంతి వెళ్ళిన రెండవ ఆదివారం, తెల్లవారుజామున నాలుగు గంటలకు, అయిదు కుటుంబాల వారము కలిసి ఒక వ్యానులో బయలుదేరాము. హైదరాబాదుకు పడమరగా, మొయినాబాదు దాటిన తరువాత, చేవెళ్ళ రహదారి నుండి చీలిన ఒక మట్టిబాట చివర ఆ తోట ఉంది. తోట అనడం కొంత అతిశయోక్తే. మొత్తం ముప్పై గుంటలు, అంటే ఎకరంలో ముప్పాతిక భాగం. దానిని కౌలుకు తీసుకుని భార్యాభర్తలిరువురు ఆకుకూరలు పండిస్తున్నారు. మన కాలనీలో పాలుపోసే వ్యక్తికి వారు దూరపు బంధువులు కావడం వల్ల మాకీ పరిచయం లభించింది. ఇంత వేకువన ఎందుకని ముందు విసుక్కున్నవారు కూడా అక్కడికి చేరగానే ఆ మాట మరచిపోయారు. నుదుటికి టార్చిలైటు కట్టుకుని ఆ ఇల్లాలు అప్పటికే సగం మడి కోసి ఉంది.

"పొద్దెక్కినంక కోస్తే ఆకు ఒడిలిపోతది అక్కా. మంచు మీదనే కోయాలె" అన్నది మా బృందంలోని స్త్రీలతో, కొడవలి ఆపకుండానే.

ఆమె చెప్పినదానికి శాస్త్రం కూడా సాక్ష్యమిస్తుంది. లెట్యూస్ ఆకులో నూటికి దాదాపు 95 పాళ్ళు నీరే. రాత్రి పొడుగునా వేరు పీల్చుకున్న నీటితో ఆకు తెల్లవారుజామున బిగువుగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ ఆ నీరు ఆవిరైపోతుంది. కోసిన తరువాత కూడా ఆకు శ్వాసిస్తూనే ఉంటుంది. తనలోని చక్కెరలను తానే ఖర్చు చేసుకుంటూ, వేడి పుట్టించుకుంటూ వడలిపోతుంది. మనము బజారులో కొనే కట్ట ఎన్ని గంటల కిందట కోసినదో దాని అంచులు చూసి చెప్పవచ్చునని ఆమె మాకు నేర్పింది. లెట్యూస్ కాడ కోసినచోట తెల్లని పాలు కారుతాయి. కొత్త కోత అయితే ఆ గాయం తెల్లగా ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ ఇటుకరంగుకు తిరుగుతుంది. ఆ పాలను బట్టే ఈ మొక్కకు లాటిన్ భాషలో లాక్టుకా అని పేరు వచ్చింది. లాక్ అంటే పాలు. మన చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికే చెందిన మొక్క ఇది. పూతకు వచ్చినప్పుడు చూస్తే ఆ పోలిక తెలుస్తుందట. పూతకు రానివ్వకపోవడమే రైతు పని కనుక ఆ దృశ్యం మాకు దక్కలేదు.

ఇంటాయన మాకు నారుమడి చూపించారు. లెట్యూస్ విత్తనం గ్రాముకు 800 నుంచి 1000 వరకు తూగేంత సన్నన. దానిని లోతుగా పాతితే మొలవదు. "మన్ను కప్పొద్దు సార్. పలుచగ ఎరువు పొడి చల్లాలె, అంతే" అన్నారు. అది ఆయన రెండేళ్ళు నష్టపోయి నేర్చుకున్న పాఠం. ఈ విత్తనాలలో చాలా రకాలకు మొలకెత్తడానికి వెలుతురు కావాలి. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు ఈ లెట్యూస్ విత్తనాల మీదనే ఎర్రని కాంతి ప్రసరింపజేసి, మొక్కలు వెలుతురును గుర్తించే విధానంలోని ఒక ముఖ్య రహస్యాన్ని ఛేదించారు. ఆ సంగతి మాలో ఒకరు చెప్పగా ఆయన శ్రద్ధగా విని, "వాళ్ళకు గూడ మొదాలు మొలవలేదా?" అని అడిగారు. మా వద్ద దానికీ జవాబు లేదు.

వెలుతురు కావాలి గాని వేడి పనికిరాదు. ఎండలు ముదిరితే విత్తనం నిద్రపోతుంది, ఎదిగిన మొక్క హఠాత్తుగా కాడ లేపి చేదెక్కిపోతుంది. అందుచేత దసరా వెళ్ళాక నారు పోసి, ఫిబ్రవరి చివరికల్లా లెట్యూస్‌ను ముగిస్తారు. విత్తనాన్ని తడిగుడ్డలో మూటగట్టి రాత్రి నీళ్ళకుండ పక్కన ఉంచి చల్లబరచడం వారు కనిపెట్టుకున్న ఉపాయం. తక్కిన కాలమంతా తోటకూర, పాలకూర, చుక్కకూర, పుంటికూర, కొత్తిమీర. తోటకూర నెల తిరగకుండానే పీకడానికి వస్తుంది. పాలకూర ఒకసారి వేస్తే పలుమార్లు కోతకు అందుతుంది. అందువల్ల ఆ ముప్పై గుంటలలో ఏ రోజూ ఖాళీ మడి ఉండదు, ఏ రోజూ సెలవు ఉండదు. ఆదివారం వారానికొక్కసారి వస్తుందన్న నమ్మకంతో బ్రతికే మాకు ఈ మాట కొంత ఇబ్బందిగా తోచింది.

ఇక్కడ ఒక్క మాట. లెట్యూస్ పేరు వినగానే అదేదో దివ్యాహారమని మురిసిపోనక్కరలేదు. మన హైదరాబాదులోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలు తిరగవేస్తే, ఇనుములోనూ సున్నములోనూ మన తోటకూర, మునగాకుల ముందు లెట్యూస్ నిలవదు. అయితే తోటకూర వండుకునే వస్తువు. పచ్చిగా తినేటప్పటి ఆ కరకర, ఆ చలువ లెట్యూస్ సొత్తు. ఇంకొక విశేషం కూడా చెప్పాలి. మడిగట్ల మీద కలుపుగా పెరిగిన ఒక ఎర్రకాడల మొక్కను ఆ ఇల్లాలు పీకి పక్కన వేస్తుంటే మా బృందంలోని ఒక పెద్దావిడ చప్పున వంగి ఏరుకున్నారు. గంగవాయిలకూర! పప్పులో వేస్తే ఆ పులుపు ఎంత కమ్మగా ఉంటుందో తెలంగాణ పల్లెవాసులకు చెప్పనవసరం లేదు. మధ్యధరా తీరపు దేశాలలో ఇదే కూరను పచ్చిగా సలాడ్‌లో తింటారు. కలుపు పేరిట పారవేసే మొక్క ఆ పూట మా వ్యానులో సగం బుట్ట నింపింది. ఆమె దానికి డబ్బు పుచ్చుకోలేదు.

కోత ముగిసిన తరువాత కట్టలు కట్టే పని. అరటినార తడిపి, పిడికెడు కొత్తిమీర చేర్చి, ఒక్క తిప్పుతో ముడి వేసి విసిరేస్తుంది. మేమూ ప్రయత్నించాము. మా కట్టలు నాలుగడుగులు వేసేలోపల విడిపోయాయి. ఆమె మా మొగమాటం చూసి నవ్వి, వాటిని తిరిగి కట్టింది. రోజుకు మూడు, నాలుగు వందల కట్టలు కడుతుంది. కార్యాలయంలో గంటకు ఎన్ని కాగితాలు కదిలించామో లెక్క రాసే అలవాటున్న మా మిత్రుడొకరు గడియారం చూసి ఏదో లెక్క మొదలుపెట్టి, మధ్యలోనే మానుకున్నారు.

ఇక మేము వచ్చిన పని, నీరు. ఈ ప్రాంతానికి నీటి విషయంలో ఒక చరిత్ర ఉంది. వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ నది నగరంలో ప్రవేశించకముందే ఉస్మాన్‌సాగర్ జలాశయంలో చేరుతుంది. మనము గండిపేట అని పిలిచేది దానినే. 1908 నాటి మహావరద దరిమిలా నిర్మాణానికి పూనుకోగా 1920లో అది పూర్తయింది. ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమైంది. ఈ రెండు జలాశయాలకు నీరందించే 84 గ్రామాలలో కట్టడాలను నియంత్రిస్తూ 1996లో 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. ఆ ఉత్తర్వు వల్ల భూమికి ధర రాలేదని వాపోయినవారు ఎందరో. అదే ఉత్తర్వు వల్ల ఇన్నేళ్ళు నగరం అంచున కూరమడులు మిగిలాయన్నది కూడా నిజమే.

అదే మూసీ నగరాన్ని దాటేసరికి మరొక నది. కోటిమంది వాడి వదలిన నీరు అందులో కలుస్తుంది. దిగువన ఆ నీటితోనే పశుగ్రాసం, వరి, ఆకుకూరలు దశాబ్దాలుగా పండుతున్నాయి. అక్కడి రైతును నిందించడం మాకు న్యాయమనిపించదు. ఆయనకు అందిన నీరు అదే, దానిని అలా చేసి పంపినవారిలో మనమూ ఉన్నాము. ఉడికించి తినే కూరకు ఆ నీటి సూక్ష్మజీవుల బెడద చాలావరకు పొయ్యి మీదనే తీరుతుంది. పచ్చిగా తినే ఆకుకు ఆ రక్ష లేదు.

ఈ ముప్పై గుంటల తోటకు నీరు బోరుబావి నుండి వస్తుంది. నది నీరు గాని, మురుగుకాలువ గాని దరిదాపులలో లేవు. పశువుల ఎరువును ఆరు నెలలకు పైగా మాగబెట్టి, బాగా చివికిన తరువాతనే మడిలో వేస్తారు. పురుగుకు వేపగింజల కషాయం చల్లుతారు. నూరు లీటర్ల నీటికి అయిదు కిలోల పప్పు పొడి. ఇవన్నీ చూసి మేము ఎంతో సంతృప్తి చెందాము. ఆ సంతృప్తితోనే తిరిగివచ్చి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో ముగిసేది.

కానీ మాతో వచ్చినవారిలో మన రసాయన ప్రయోగశాలలో చిరకాలంగా బాయిలరు నీటిని పరీక్షిస్తున్న మిత్రులున్నారు. ఆయనకు ఎక్కడ నీరు కనిపించినా సీసాలో పట్టడం అలవాటు. నీటి గట్టితనం చెప్పగలను గాని సూక్ష్మజీవుల సంగతి నా విద్య కాదని ఆయనే ఒప్పుకుని, కాచి శుద్ధి చేసిన రెండు సీసాలలో రెండుచోట్ల నీరు పట్టి, మంచుపెట్టెలో ఉంచి, తగిన ప్రయోగశాలకు పంపించారు. ఒకటి బోరు గొట్టం వద్ద పట్టినది. రెండవది, కోసిన కట్టలను కళ కోసం ముంచి తీసే సిమెంటు తొట్టిలోనిది.

వారం తరువాత ఫలితాలు వచ్చాయి. తాగునీటికి భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం నూరు మిల్లీలీటర్లలో ఈ.కోలై అనే సూక్ష్మజీవి ఒక్కటి కూడా కనిపించరాదు. బోరు నీటిలో కనిపించలేదు. తొట్టి నీటిలో లెక్కకు మించి ఉన్నది.

ఆ కాగితాన్ని చేతబట్టుకుని మేము చాలాసేపు తర్జనభర్జన పడ్డాము. ఇంత శ్రమించే మనుషులకు ఈ మాట ఎలా చెప్పడం? చెప్పకపోవడం ఎలా? మేము రాసే నాలుగు మాటలు చదివి కాలనీవారు అక్కడ కొనడం మొదలుపెడితే, ఆ కార్తీకం మళ్ళీ రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? చివరకు మరుసటి ఆదివారం ముగ్గురము మళ్ళీ వెళ్ళాము.

కాగితం సంగతి వినగానే ఆ ఇల్లాలి ముఖం వాడిపోయింది. "ఇన్నేండ్ల నుంచి అండ్లనే కడుగుతున్నం. నీళ్ళు మంచిగనే కనబడుతయి గద అక్కా. మా పిల్లలు గూడ గిదే తింటరు" అన్నది. మేము వనభోజనాల కథ దాచకుండా చెప్పాము. తరిగిన ఆకులను రాత్రంతా బకెట్లలో నిలవబెట్టిన మా ఘనకార్యం కూడా చెప్పాము. తొట్టిలో నీరు నాలుగు రోజులకొకసారి మారుస్తారట. వేళ్ళతో పీకిన కొత్తిమీర మట్టి, ఎరువు అంటిన చేతులు, రాత్రిపూట దప్పిక తీర్చుకునే కుక్కలు, అన్నిటికీ అదే తొట్టి. బావి ఎంత స్వచ్ఛమైనదైనా ఆ చివరి మునకలో అంతా తుడిచిపెట్టుకుపోతున్నది. ఇంటాయన ఒక్క మాటా అనలేదు. లేచి వెళ్ళి తొట్టి తూముకు కుక్కిన గుడ్డను లాగివేశారు. నీరంతా వంకాయ మడిలోకి పోయింది.

ఆ రోజే ఒక పాత ఇనుప జాలీని రెండు రాళ్ళమీద పరచి, దానిమీద కట్టలు పేర్చి, గొట్టంతో పారేనీటిని పోయడం మొదలుపెట్టారు. కడిగిన నీరు కాలువగుండా వండుకునే కూరల మడులకే వెళ్ళేటట్లు బోదె తీశారు. మునుపటికంటే నీరు ఎక్కువ ఖర్చు, పని ముప్పావుగంట ఎక్కువ. బండి బయలుదేరేది ఆలస్యమైతే మార్కెట్టులో మొదటి బేరం పోతుంది. ఆ నష్టానికి మా వద్ద పరిహారమేమీ లేదు.

ధర సంగతి కూడా కొంత చెప్పవలసి ఉంది. 1999 జనవరి 26న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లు ప్రారంభించినప్పుడు, దళారి లేకుండా రైతే అమ్ముకోవాలన్నది ఉద్దేశం. ఈ దంపతులకు ఆ గుర్తింపు కార్డు లేదు. భూమి వారి పేరున లేదు, నోటిమాట కౌలు. అందుచేత టోకు బేరగానికే ఇవ్వాలి. సరుకు ఎక్కువ వచ్చిన రోజున నూరు కట్టల కొత్తిమీర నూటయాభై రూపాయలకు వదులుకున్న సందర్భాలున్నాయని చెప్పారు. అదే కట్టకు మనము కాలనీ గేటువద్ద పది రూపాయలిచ్చి, పైన రెండు కరివేపాకు రెమ్మలు ఉచితంగా అడుగుతాము. లెట్యూస్ తీసుకునే హోటళ్ళవారు ఆకుకు ఒక్క రంధ్రమున్నా బుట్ట తిప్పి పంపిస్తారు. వేపకషాయం కొట్టిన మడిలో అక్కడక్కడ రంధ్రాలు తప్పవు. నిజానికి రంధ్రం లేని ఆకునే ఏరుకునే అలవాటు మనకూ ఉంది. పురుగు సైతం ముట్టని ఆకు మీద మనకెందుకంత గురి కుదిరిందో ఆలోచించదగిన విషయమే.

ఇంటివద్ద పాటించవలసినవి గృహిణులకు, వంటలో చెయ్యివేసే గృహస్థులకు కూడా మనవి చేస్తున్నాము. డాక్టరుగారు చదివి సరిదిద్దిన మాటలివి. పచ్చిగా తినే ఆకులను ఒక్కొక్క రేకూ విడదీసి, తాగడానికి పనికివచ్చే పారేనీటి కింద కడగాలి. గిన్నెలో నిలవనీటిలో ముంచితే ఒక ఆకు మురికి అన్నిటికీ అంటుతుంది. మేము చూసిన తొట్టి కథ ప్రతి వంటింట్లోనూ చిన్న ఎత్తున జరుగుతూనే ఉంటుంది. ఉప్పునీరు, వెనిగరు కొంత తోడ్పడవచ్చు గాని వాటిమీదనే భారం వేయరాదు. తినబోయే ముందే తరగాలి. ఆకు తెగినచోట రసం ఊరుతుంది, ఆ రసంలో సూక్ష్మజీవులు త్వరగా వృద్ధి చెందుతాయి. పసిపిల్లలకు, గర్భిణులకు, జబ్బుపడి లేచినవారికి ఆకు పుట్టుక తెలియనప్పుడు వండి పెట్టడమే శ్రేయస్కరం. నిమ్మరసం మాత్రం తప్పక పిండండి. ఆకులోని ఇనుము ఒంటబట్టడానికి అందులోని సి విటమిన్ సహాయపడుతుంది.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి మన కాలనీలో ఇరవైమూడు కుటుంబాలవారు ప్రతి ఆదివారం ఒక్కొక్క బుట్ట తీసుకోవడానికి పేర్లు ఇచ్చారు. ధర వారే చెప్పారు, మేము బేరమాడలేదు. రంధ్రాలున్న ఆకు వచ్చినా తిరిగి పంపరాదన్నది మా మధ్య ఒప్పందం. నెలకొకసారి నీటిని పరీక్షకు పంపే ఖర్చు బుట్టలవారందరూ పంచుకుంటారు. గత వారం జాలీమీద పారిన నీటిని పట్టి పంపిన సీసాకు నిర్దోషమని జవాబు వచ్చింది. ఆ కాగితాన్ని ఇంటాయన మడతపెట్టి, మోటారు గదిలో దేవుని పటం వెనుక ఉంచారు.

కౌలు గడువు ఈ ఉగాదితో ముగుస్తుంది. 111వ నంబరు ఉత్తర్వులోని ఆంక్షలను సడలిస్తూ 2022లో మరొక ఉత్తర్వు వెలువడిన నాటినుండి ఆ బాటలో కొలతల గొలుసులు పట్టుకుని తిరిగేవారు ఎక్కువయ్యారట. పక్క చేనులో తెల్లరంగు పూసిన హద్దురాళ్ళు మేమూ చూశాము. భూమి యజమాని ఇంకా ఏ మాటా చెప్పలేదు. అడగడానికి భయంగా ఉందని ఆ ఇల్లాలు అన్నది. మేము బయలుదేరేటప్పుడు ఆమె లెట్యూస్ తీసివేసిన మడిని చదును చేసి, ఎండాకాలపు తోటకూర విత్తనం ఇసుకలో కలిపి చల్లుతూ ఉన్నది.